పొట్ట బాగోలేదని ఎలా గుర్తించాలి, కారణం ఎలా పట్టుకోవాలి

"పొట్ట బాగోవట్లేదు" అన్న మాట వెనక అరడజను వేర్వేరు బాధలుంటాయి. ఒకరికి సాయంత్రానికల్లా ఉబ్బరం. ఒకరికి మూడు రోజులకోసారి రాయిలాంటి మోషన్. ఇంకొకరికి తిని లేచీ లేవకముందే బాత్‌రూమ్‌కి పరుగు. ఇన్నిటికీ ఒకే పొడి, ఒకే క్యాప్సూల్ చాలని చెప్పేవాళ్లకు కొదవ లేదు. కారణాలు వేరైతే మందు ఒకటెలా అవుతుంది? అందుకే మందుల సంగతి తర్వాత, ముందు లెక్క రాయండి. రెండు వారాలు రాశాక ఒక్కో అనుమానాన్నీ విడివిడిగా పరీక్షించండి. మొత్తానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

అన్నిటికన్నా ముందు: ఇంట్లో ప్రయోగాలు చేయకూడని లక్షణాలు

కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ ప్రయోగాలన్నీ పక్కనపెట్టి డాక్టర్‌కి చూపించుకోండి.

- మలంలో రక్తం. లేదా తారులా నల్లగా, జిగటగా, ఘాటైన వాసనతో వచ్చే మలం. ఐరన్ మాత్రలు, బిస్మత్ ఉన్న మందులు కూడా మలాన్ని నల్లగా మారుస్తాయి, బీట్‌రూట్ ఎర్రగా మారుస్తుంది. అవి తీసుకోకుండానే రంగు మారిందా అన్నది ముందు గుర్తు తెచ్చుకోండి.
- ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు బరువులో 5 శాతం తగ్గడం. 70 కిలోల మనిషికి అది మూడున్నర కిలోలు.
- నిద్రలోంచి లేపేసే విరేచనాలు లేదా నొప్పి.
- రక్తహీనత, తగ్గని జ్వరం, ముద్ద గొంతు దిగకపోవడం, ఆగని వాంతులు.
- కళ్లు పచ్చబడటం, మలం సుద్దలా పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం.
- 45–50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలై పోకుండా ఉన్న మార్పు. ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే వయసుతో పని లేదు.

వీటిలో రాత్రి లక్షణాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నిద్రలో పెద్దపేగు కదలిక బాగా తగ్గుతుంది. అందుకే కంగారు వల్లో, తిండి పడకపోవడం వల్లో వచ్చే ఇబ్బందులు మామూలుగా రాత్రి నిద్ర పోనిస్తాయి. పేగులో వాపు, పుండు ఉంటే నిద్ర అనీ చూడదు. రక్తం కనిపిస్తే "మొలలే అయ్యుంటాయి" అని మీకు మీరే తేల్చేసుకోవడం కూడా తప్పే. మొలలు నిజంగా ఉన్నా, రక్తం వాటి నుంచే వస్తోందని చూసినవాళ్లే చెప్పాలి.

ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి వచ్చి, పొట్ట చెక్కలా బిగుసుకుపోయి, వాంతులవుతూ, మోషన్‌గానీ గ్యాస్‌గానీ పోకపోతే ఆ పూటే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

1. రెండు వారాలు రాయండి, ఏమీ మార్చకండి

నోట్‌బుక్ అయినా ఫోన్ అయినా సరే. తిన్న టైమ్, ఏం తిన్నారు, సుమారుగా ఎంత, ఏ మందులు వేసుకున్నారు, మోషన్ ఎన్నింటికి, ఏ రకం, నొప్పి, ఉబ్బరం సున్నా నుంచి పదిలో ఎంత, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. స్త్రీలు నెలసరి తేదీలు కూడా రాసుకోవాలి. నెలసరి మొదలైన ఒకటి రెండు రోజులు మోషన్ వదులుగా అవడం మామూలే, ఆ సంగతి గుర్తులేక దాన్ని ఆ రోజు తిన్న దేనికో అంటగడతారు.

ఈ రెండు వారాల్లో తిండి మార్చకండి. డైరీ మొదలుపెట్టిన రోజే పాలు, గోధుమలు, కారం అన్నీ మానేస్తే మిగిలేది ఖాళీ డైరీ, దాంట్లో చదవడానికేమీ ఉండదు.

మోషన్ రకం రాయడానికి 1997లో ప్రచురితమైన బ్రిస్టల్ స్కేల్ వాడండి. అందులో ఏడు రకాలు. మొదటిది విడివిడిగా గట్టి గోళీల్లా ఉంటుంది. రెండోది ఆ గోళీలే అతుక్కుని గడ్డలు గడ్డలుగా ఉన్న కడ్డీ. మూడోది పైన పగుళ్లున్న కడ్డీ, నాలుగోది నున్నగా, మెత్తగా ఉన్నది. ఐదోది అంచులు స్పష్టంగా ఉన్న మెత్తటి ముద్దలు. ఆరోది అంచులు చెదిరిన గుజ్జు, ఏడోది పూర్తిగా నీళ్లు. మూడు, నాలుగు వస్తుంటే హాయి. ఒకటి, రెండు మలబద్ధకం వైపు, ఆరు, ఏడు విరేచనాల వైపు. ఐదు ఎప్పుడో ఒకసారి వస్తే పట్టించుకోనక్కర్లేదు.

ఎన్నిసార్లు అవ్వాలి? రోజుకు మూడు నుంచి వారానికి మూడు వరకు అన్నీ మామూలే. రోజూ పొద్దున్నే అయితీరాలన్న పట్టుదలతో విరేచన మాత్రలకు అలవాటుపడ్డవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరికి అసలు రోగమే లేదు. అలాగే రోజుకు 10 నుంచి 20 సార్లు గ్యాస్ పోవడం కూడా ఆరోగ్యవంతుల లెక్కే.

తిన్నది బయటికి రావడానికి ఎంతసేపు పడుతోందో ఇంట్లోనే చూసుకోవచ్చు. వారం పాటు మొక్కజొన్న మానేసి, ఒకరోజు అరకప్పు గింజలు సరిగ్గా నమలకుండా తినండి. టైమ్ రాసుకోండి. గింజ తొక్క అరగదు, మలంలో తెలిసిపోతుంది. మొదటిసారి కనిపించడానికి 12 నుంచి 48 గంటలు పడితే చాలామందిలో మామూలే. 72 గంటలు దాటితే పేగు నెమ్మదిగా నడుస్తోందని అనుకోవచ్చు. ఇది ఉజ్జాయింపే, ల్యాబ్ పరీక్షకు సమానం కాదు.

2. రాసింది చదవండి

ఒక డైరీలోని నాలుగు రోజులు ఇలా ఉన్నాయనుకోండి. సోమవారం మోషన్ లేదు. మంగళవారం రకం 1, పది నిమిషాలు ముక్కితే రెండు గోళీలు. బుధవారం లేదు, ఉబ్బరం 7. గురువారం రకం 7, మూడుసార్లు, కొంచెం కొంచెంగా. గురువారం ఒక్కటే చూస్తే ఇవి విరేచనాలు, ఆపే మాత్ర వేసుకోవాలనిపిస్తుంది. నాలుగు రోజులూ కలిపి చదివితే మలబద్ధకం. లోపల గట్టిపడి ఇరుక్కున్న మలం పక్కనుంచి పైనున్న నీళ్ల మలం జారి వస్తోంది. ఇక్కడ విరేచనాలు ఆపే మాత్ర వేస్తే ఇరుక్కున్నది ఇంకా బిగుస్తుంది. వయసు మళ్లినవాళ్లలో, మంచం పట్టినవాళ్లలో ఈ పొరపాటు ఎక్కువ జరుగుతుంది.

ఉబ్బరం ఏ టైమ్‌కి వస్తోందో చూస్తే చాలా తెలుస్తుంది. తింటుండగానే, తిన్న అరగంటలోపే వస్తే కడుపు వైపు చూడండి. గబగబా మింగడం, మాట్లాడుతూ తినడం, సోడా, మరీ నూనె ఓడే తిండి దీనికి కారణాలు. అరగంట నుంచి రెండు గంటల్లో గుడగుడలాడి వదులుగా మోషన్ అయితే పాలలోని చక్కెర మీద మొదటి అనుమానం. పొద్దున పొట్ట చదునుగా ఉండి సాయంత్రానికి బిగుతవుతూ పోతే, పెద్దపేగులో పులిసేవి ఎక్కువయ్యాయో, మలం నిలిచిపోతోందో అనుకోవాలి. పొద్దున కూడా తగ్గకుండా వారాల తరబడి ఉండే ఉబ్బరం వేరు. 50 దాటిన స్త్రీలకు కొత్తగా ఇలా మొదలైతే అండాశయాలు కూడా పరీక్ష చేయించుకోవాలి.

మలం పాలిపోయి, నూనె తేలుతూ, ఫ్లష్ చేసినా అంటుకుని, ఘాటుగా కంపు కొడుతుంటే కొవ్వు అరగడం లేదని అర్థం. క్లోమం సరిగా పనిచేయకపోవడం, సీలియాక్ వ్యాధి (గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడక పేగు దెబ్బతినే జబ్బు), జియార్డియా అనే పరాన్నజీవి ఇలా చేస్తాయి. తిండి మార్చి చూసుకునే వ్యవహారం కాదిది. మోషన్ మెత్తగానే ఉన్నా ముక్కాల్సి వస్తూ, అయ్యాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపిస్తే మలద్వారం దగ్గరి కండరాలు వదలాల్సిన టైమ్‌లో బిగుస్తున్నాయేమో చూడాలి. దీనికి పీచు పనికిరాదు, ఆ కండరాలను వదలడం నేర్పే ఫిజియోథెరపీ పనికొస్తుంది.

నీరసం, మొటిమలు, జుట్టు రాలడం, చిరాకు ఇవన్నీ పేగుల వల్లే అని చెప్పే జాబితాలు మీరూ చూసే ఉంటారు. పొట్టలో ఏ ఇబ్బందీ లేకుండా ఇవి మాత్రమే ఉంటే ముందు థైరాయిడ్, ఐరన్, నిద్ర చూసుకోండి.

3. మందుల పెట్టె తెరవండి

ఎక్కువమంది మరిచిపోయే కారణం ఇదే. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, అంతకుముందు నెలా రెండు నెలల్లో ఏ మందు కొత్తగా చేరింది, ఏ డోసు పెరిగింది? ఆ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి.

ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కడుపు గోడను కాపాడే జిగురు పొర తయారవడానికి కావాల్సిన ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తగ్గిస్తాయి. మంట, పుండు, రక్తస్రావం అక్కడి నుంచే మొదలవుతాయి. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ విరేచనాలు తెస్తుంది. తిండితో వేసుకోవడం, నెమ్మదిగా విడుదలయ్యే రకానికి మారడం చాలామందికి పనిచేస్తాయి. ఐరన్, కాల్షియం, కోడీన్ ఉన్న దగ్గు, నొప్పి మందులు, వెరపమిల్ అనే బీపీ మందు, డిప్రెషన్‌కి, నరాల నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ మలబద్ధకం తెస్తాయి. యాంటాసిడ్లలోనూ తేడా ఉంది. అల్యూమినియం ఉన్నవి బిగిస్తాయి, మెగ్నీషియం ఉన్నవి వదులు చేస్తాయి. సీసా మీద ఏముందో చదవండి. షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్, చాక్లెట్లలోని సార్బిటాల్, మానిటాల్ కూడా ఈ లెక్కలోవే. అవి సరిగా ఇంకక పేగులోకి నీళ్లు లాగుతాయి.

డాక్టర్ రాసిన మందును మీ అంతట మీరు ఆపకండి. అనుమానం రాసుకుని వెళ్లి అడగండి, బదులు మందు దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

యాంటీబయాటిక్స్ సంగతి విడిగా. వాడుతున్నప్పుడు కొంచెం వదులుగా అవడం మామూలే. కోర్సు నడుస్తుండగాగానీ, అయిపోయిన కొన్ని వారాల్లోగానీ రోజుకు మూడు లేదా అంతకన్నా ఎక్కువ నీళ్ల విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి వస్తే క్లోస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా కావచ్చు. అప్పుడు విరేచనాలు ఆపే లోపరమైడ్ వేసుకోకుండా వెంటనే చూపించుకోవాలి.

4. ఒక్కొక్కటే మార్చండి

ఒక మార్పు, రెండు వారాలు, డైరీలో అవే సున్నా నుంచి పది మార్కులు. తేడా లేకపోతే పాత పద్ధతికి వచ్చి తర్వాతది మొదలుపెట్టండి. ఐదు ఒకేసారి మారిస్తే తగ్గినా ఎందుకు తగ్గిందో తెలియదు, చివరికి ఐదిటినీ జీవితాంతం మానుకుని కూర్చోవాలి.

*కూర్చునే పద్ధతి.* డబ్బు ఖర్చు లేనిది, అందుకే ముందు ఇదే. తిండి కడుపులో పడగానే పెద్దపేగు కదులుతుంది, ఆ కదలిక పొద్దున టిఫిన్ తర్వాత బలంగా ఉంటుంది. తిన్న 20–30 నిమిషాలకు వెళ్లి కూర్చోండి. కమోడ్ అయితే పాదాల కింద 15–20 సెంటీమీటర్ల పీట పెట్టి, మోకాళ్లు తుంటికన్నా ఎత్తుకు తెచ్చి, మోచేతులు తొడల మీద ఆనించి ముందుకు వంగండి. మలద్వారం పైన ఒక కండరం ఉచ్చులా చుట్టుకుని ఆ దారిని వంచి ఉంచుతుంది. ఈ భంగిమలో అది వదులై దారి తిన్నగా అవుతుంది. పది నిమిషాలు దాటకండి, ఫోన్ బయటే వదిలేయండి. వచ్చినప్పుడు ఆపుకోవడం కూడా మానండి. ఆగిన మలంలోంచి నీళ్లు ఇంకిపోయి గట్టిపడుతుంది, పదేపదే ఆపుకుంటే వస్తోందన్న కబురే మొద్దుబారుతుంది.

*పీచు.* పెద్దవాళ్లకు రోజుకు 25–30 గ్రాములు కావాలి. ఇక్కడ జరిగే తప్పు తొందర. 10 గ్రాములు తినే మనిషి ఒక్కరోజులో 30కి వెళ్తే పొట్ట డోలవుతుంది, "నాకు పీచు పడదు" అని తేల్చేస్తారు. వారానికి 3–5 గ్రాముల చొప్పున పెంచండి. అన్ని పీచులూ ఒకటి కాదు. గోధుమ తవుడు లాంటి గరుకు పీచు కొందరికి నొప్పి పెంచుతుంది. ఇసబ్‌గోల్ నీళ్లు పీల్చి జెల్‌లా మారి, గట్టి మలాన్ని మెత్తబరుస్తుంది, వదులుగా ఉన్నదాన్ని కాస్త చిక్కబరుస్తుంది కూడా. రోజుకు ఒక టీస్పూన్‌తో మొదలుపెట్టి 250 మి.లీ. నీళ్లలో కలిపి వెంటనే తాగేయండి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగండి. నీళ్లు తక్కువైతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడుతుంది, అందుకే పొడిగా నోట్లో వేసుకోకూడదు. మింగడం కష్టమైనవాళ్లు, పేగు ఇరుకైనవాళ్లు అసలు వాడకూడదు. మిగతా మందులకూ దీనికీ రెండు గంటల ఎడం ఉంచండి. మొక్కజొన్న పరీక్షలో 72 గంటలు దాటినవాళ్లకు పీచు పెంచితే బాధ పెరగొచ్చు. అలా అయితే ఆపి డాక్టర్‌ని అడగండి.

*పాలు.* రెండు వారాలు పాలు, పాలపొడి, ఐస్‌క్రీమ్ పూర్తిగా మానండి. తర్వాత ఒక సెలవు రోజు పరగడుపున 250 మి.లీ. పాలు తాగి నాలుగు గంటలు చూడండి. అందులో దాదాపు 12 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. గుడగుడలు, ఉబ్బరం, వదులు మోషన్ వస్తే అనుమానం గట్టిదే, హైడ్రోజన్ శ్వాస పరీక్షతో ఖాయం చేసుకోవచ్చు. అంతమాత్రాన పాలన్నీ మానక్కర్లేదు. కొద్ది కొద్దిగా, భోజనంతో కలిపి తీసుకుంటే చాలామందికి పడతాయి. పెరుగు, గట్టి చీజ్ ఇంకా తేలిక. పాలు తాగితే దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వచ్చేవాళ్లు మాత్రం ఈ పరీక్ష చేయకండి, అది అలర్జీ.

*గోధుమ, ఉల్లి, వెల్లుల్లి.* గోధుమ మానేముందు సీలియాక్ కోసం టీటీజీ-ఐజీఏ రక్తపరీక్ష చేయించుకోండి. మానేశాక చేస్తే యాంటీబాడీలు తగ్గిపోయి, జబ్బు ఉన్నా లేదని వస్తుంది. మళ్లీ కొన్ని వారాలు గోధుమ తిని చేయించుకోవాల్సి వస్తుంది. పరీక్ష బాగానే ఉండి గోధుమ తింటే ఉబ్బరమొస్తుంటే గ్లూటెన్ కన్నా ఫ్రక్టాన్లు అనే పులిసే చక్కెరలను అనుమానించండి. ఉల్లి, వెల్లుల్లిలో ఉన్నవీ అవే. ఇవి చిన్నపేగులో అరగక పెద్దపేగులో పులుస్తాయి. ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. కాబట్టి వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేయించి, రెబ్బలు తీసేసి, ఆ నూనెతో వండుకుంటే రుచి వస్తుంది, ఫ్రక్టాన్లు రావు. అదే రెబ్బలు చారులో వేసి తీసేస్తే లాభం లేదు, అప్పటికే నీళ్లలో దిగిపోయి ఉంటాయి. పప్పుగింజలు నానబెట్టిన నీళ్లు పారబోయడంలో ఉన్న కిటుకూ ఇదే, గ్యాస్ చేసే చక్కెరలు కొంత ఆ నీళ్లతో పోతాయి.

ఇలాంటి పులిసే చక్కెరలన్నిటినీ ఒకేసారి తగ్గించే పద్ధతి ఫాడ్‌మ్యాప్. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ రూపొందించింది. తగ్గించే దశ రెండు నుంచి ఆరు వారాలే. తర్వాత ఒక్కో రకాన్ని మూడేసి రోజులు, మోతాదు పెంచుతూ తిరిగి తిని చూడాలి. చాలామంది మొదటి దశలోనే ఆగిపోయి ఏళ్ల తరబడి అదే తింటారు, దాంతో పేగులోని మంచి బ్యాక్టీరియాకు మేత తగ్గుతుంది. డైటీషియన్ సాయంతో చేయండి. ఇప్పటికే బరువు తక్కువున్నవాళ్లు, తిండి విషయంలో భయాలున్నవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడం మేలు.

కాఫీ, మద్యం, పొగ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు, వాటికీ ఇదే రెండు వారాల సూత్రం. ఫుడ్ పాయిజనింగ్ తర్వాత మొదలైన ఇబ్బంది అయితే ఆ తేదీ తప్పకుండా రాసుకోండి. అలాంటి ఇన్ఫెక్షన్ తర్వాత దాదాపు పదిమందిలో ఒకరికి ఐబీఎస్ (పరీక్షల్లో ఏమీ కనిపించకుండా కడుపునొప్పి, మోషన్ తేడాలు వస్తూ పోయే ఇబ్బంది) మొదలవుతుంది.

5. డాక్టర్ దగ్గరికి ఏం పట్టుకెళ్లాలి

డైరీ, మందుల జాబితా, ఏం మార్చి చూశారో తేదీలతో ఒక పేజీ. లక్షణాలను బట్టి సాధారణంగా అడిగేవి: రక్తహీనత, వాపు, థైరాయిడ్, షుగర్ పరీక్షలు, సీలియాక్ పరీక్ష, మలంలో కాల్‌ప్రొటెక్టిన్, పరాన్నజీవులు. కాల్‌ప్రొటెక్టిన్ పెరిగితే పేగులో వాపు ఉందని, మామూలుగా ఉంటే వాపు వ్యాధి ఉండే అవకాశం తక్కువని అర్థం. నొప్పి మాత్రలు కూడా దాన్ని పెంచుతాయి కాబట్టి వాడుతుంటే ముందే చెప్పండి.

కడుపు పైభాగంలో మంట, నొప్పి ఉంటే హెలికోబ్యాక్టర్ పైలోరీ చూస్తారు. ఒకప్పుడు కడుపు పుండుకి టెన్షన్, కారం కారణమనేవారు. ఈ బ్యాక్టీరియా పాత్రను బయటపెట్టినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. దీని శ్వాస పరీక్షకుగానీ మల పరీక్షకుగానీ వెళ్లేముందు ఓమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు రెండు వారాలు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాలు ఆపి ఉండాలి. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేదని రావచ్చు. ఆపేముందు ఆ మాత్ర ఎందుకు రాశారో డాక్టర్‌ని అడగండి, రక్తస్రావం రాకుండా వేసుకుంటున్నవాళ్లు ఊరికే ఆపకూడదు.

ఇంటికే కిట్ పంపి మలంలోని బ్యాక్టీరియా జాబితా ఇచ్చే పరీక్షల మీద, వంద ఆహారాలకు ఐజీజీ అనే యాంటీబాడీ చూసే పరీక్షల మీద డబ్బు పెట్టకండి. ఒక ఆహారానికి ఐజీజీ ఉందంటే మీరు అది తింటారని తప్ప ఇంకేం తెలియదు. ప్రోబయాటిక్ (మంచి బ్యాక్టీరియా ఉన్న మందు) వాడి చూడాలనుకుంటే ఒకే రకం, నాలుగు వారాలు. డైరీలో మార్కులు మారకపోతే ఆపేయండి. రోగనిరోధక శక్తి తగ్గించే మందుల మీద ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడకూడదు.

పరీక్షలన్నీ మామూలుగా వచ్చి, గత మూడు నెలలుగా వారానికి కనీసం ఒకరోజు కడుపునొప్పి ఉండి, అది మోషన్‌తో పెరగడమో తగ్గడమో, మోషన్ల సంఖ్య మారడమో, రకం మారడమో, వీటిలో రెండు కలిసి ఉంటే ఐబీఎస్ అంటారు. మొదటి లక్షణం వచ్చి ఆరు నెలలైనా అయి ఉండాలి. నొప్పి లేకుండా ఉబ్బరం ఒక్కటే ఉంటే అది ఐబీఎస్ కాదు. ఒకసారి ఐబీఎస్ అని తేలినవాళ్లు డైరీని రోజూ రాయనక్కర్లేదు, ఇబ్బంది పెరిగిన వారాల్లో రాస్తే సరిపోతుంది. కానీ పైన మొదట్లో చెప్పిన లక్షణాల్లో ఏదైనా కొత్తగా కనిపిస్తే "నాకున్నది ఐబీఎస్సే కదా" అని ఊరుకోకుండా మళ్లీ మొదటిసారి వెళ్లినట్టే వెళ్లి చూపించుకోండి.